గుల్దాన్‌కు తాళం ఎందుకు?

మన ఇండ్లల్ల ఏ దీవాన్‌ఖానాలకన్న పోయి చూడండి. తలుపుకెదురుగ షోకేస్ నిలబడి ఉంటది. దాని అద్దాలకు బొటనవేలంత తాళం. లోపల పై అరల జంట గుల్దాన్‌లు, నీలం రంగువి, మెడ మీద సునేరీ గీతలు. కింది అరల ఆరు షర్బత్ గ్లాసులు, ఎన్నడు చాయ్ మొహం చూడని టీ సెట్టు, ఉమ్రా నుంచి ఎవరో తెచ్చిన గడియారం. గుల్దాన్‌లల్ల ప్లాస్టిక్ గులాబీలు, వాటి మీద దుమ్ము. చాబీ సాస్ కాడ ఉంటది. రంజాన్ ముందు ఒకసారి తాళం తీసి బహుతోని తుడిపిస్తరు. పక్కన నిలబడి "హల్లూ... హల్లూ..." అంటనే ఉంటరు.

నేను అడిగేది ఒక్కటే. ఆ గుల్దాన్ ఎన్నడన్న నీళ్లు చూసిందా? ఒక్క పువ్వు వాసన చూసిందా? గుల్ అంటే పువ్వు, దాన్ అంటే పెట్టుకునే పాత్ర. పువ్వే లేకుంటే అది గుల్దాన్ ఎట్లయితది? దానికి మన ఇండ్లల్ల వేరే పని ఉంది. అది రసీదు. జహేజ్ ముట్టింది అని నలుగురికి కనపడేటట్టు హాల్ల పెట్టుకున్న రసీదు. రసీదుకు తాళం ఏస్తరు గని నీళ్లు పోస్తరా?

కోపానికి రాకండి. షీషా గుల్దాన్ మీద నాకు దుష్మనీ లేదు. ఇరుకు కమ్రాల, కిటికీ కాడ, ఎండ పడే జాగల ఒక్క షీషా గుల్దాన్ పెట్టి నీళ్లు పోస్తె గోడ మీద పడే వెలుగు నాకు చాన ఇష్టం. రంగులేసినా రాని షాన్ ఆ వెలుగుతోని వస్తది. నా లొల్లి అంత తాళం మీద.

ఆ తాళం ఎక్కడ్నుంచి వచ్చిందో చూద్దాం. పిల్లకు నికా కుదిరినంక అబ్బా ఫర్నిచర్ దుకాణానికి పోతడు. జహేజ్ సెట్ అంటే చాలు, దుకాణదారుకు ఇంకేం చెప్పే పని లేదు. పలంగ్, అల్మారీ, డ్రెస్సింగ్ టేబుల్, షోకేస్, అన్నిటికి కలిపి ఒక రేటు. షోకేస్ ఖాళీగ పంపిస్తె సుస్రాల్ల నవ్వుతరు. అందుకని అమ్మీ బేగంబజార్ పోయి గ్లాసులు, టీ సెట్టు, గుల్దాన్‌ల జోడి కొంటది. జోడి ఎందుకంటే, ఒక్కటి పెడితె కంజూస్ అంటరని. నికా నాడు సామాన్ లారీ మీద మొహల్లా అంత చూడంగ పోతది. ఆటో నడిపేటాయన, మిషిన్ కుట్టేటాయన ఆ లారీ కోసం చేసిన ఖర్జా ఎన్నేండ్లు కడ్తడో ఎవరు అడగరు.

1961ల వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం మన మెహర్‌ను కట్నం లెక్కలకు తేలే, పక్కకు పెట్టింది. మెహర్ మొగోడు ఇచ్చేది, పిల్లకు ముట్టేది, ఆమె హక్. కట్నానికి, మెహర్‌కు ఉన్న ఫరఖ్ చట్టం రాసినోళ్లకు సమజైంది, మనకు కాలే. మెహర్‌ను ఉధార్ పెట్టి జహేజ్‌ను నఖ్ద్‌గ తీసుకుంటున్నం. 1985ల రూల్స్ వచ్చినయి, పెండ్లిల ఇచ్చిన తోఫాల ఫెహరిస్త్ రాసి, పిల్ల పిలగాడు దస్తఖత్ చేసి పెట్టుకోవాలె అని. నేను చూసిన నికాలల్ల ఫెహరిస్త్ మాత్రం ఉంటది. ఏం తక్కువైందో పట్టుకోనీకి మొగ పిల్లగాని ఫుప్పూ చేతిల ఉంటది.

మా ఖాలా సంగతి చెప్త. నికా అయ్యి రెండో నెల. రంజాన్ ముంగట షోకేస్ తుడుస్తుంటె జోడిల ఒక గుల్దాన్ చెయ్యి జారి గచ్చు మీద పడ్డది. అది ఆమె జహేజ్‌ల తెచ్చుకున్నదే, మా నానా కొన్నదే. ఇంకొకరి సొమ్ము కూడ కాదు.

మన ఇండ్లల్ల కాంచ్ పగిలితె ఒక మాట అంటరు గదా, బలా టల్ గయీ అని. మన మీదికి రావాల్సిన ముసీబత్ షీషా మీదికి పోయిందని. ఎంత మంచి మాట! కాని ఆ ఇంట్ల ఆ మాటను కొడుకుల కోసం దాచి పెట్టుకున్నరు. వారం కింద ఆమె దేవర్ క్రికెట్ బాల్‌తోని షర్బత్ గ్లాసు పగలగొడ్తె బలా టల్ గయీ. ఖాలా చేతిల పగిలితె ఆమె ఫూహడ్, మైకేల పని నేర్పలే. మా నానాను పిలిపిచ్చిన్రు. ఆయన తెల్లారి బేగంబజార్ అంత తిరిగి అసొంటి నీలందే వెతికి, అఖ్బార్ల చుట్టి, బస్సుల ఒడిల పెట్టుకొని తెచ్చిచ్చిండు. జోడి పూరా అయింది. ముక్కలు ఎత్తంగ తెగిన ఖాలా వేలు సంగతి ఎవరు అడగలే.

ఇప్పుడు ఖాలాకు బహు వచ్చింది. చాబీ ఖాలా కాడ ఉంది. పోయిన రంజాన్ ముందు నేను వాళ్లింటికి పోయేసరికి బహు తుడుస్తుంది, ఖాలా పక్కన నిలబడి హల్లూ అంటుంది. అదే షోకేస్, అవే గుల్దాన్‌లు. నేను చాయ్ తాగి వచ్చిన, ఒక్క మాట అనలే. ఆ రోజు అనంది ఇయ్యాల రాస్తున్న.

తెలుగుల చేతికి ఏసుకునేది గాజే, పగిలితె గుచ్చుకునేది గాజే. ఒక్కటే లఫ్జ్. ఔరత్‌ను, షీషాను కలిపి చెప్పిన మాట మన దీన్‌ల గూడ ఉంది. ఒక సఫర్‌ల అంజషా అనే గులాం ఔరతుల ఒంటెలను పాట పాడుకుంట జోరుగ తోలుతుంటె, హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆయనను నెమ్మది చేయమన్నరు, నువ్వు తోలుతున్నయి షీషా పాత్రలు అన్నట్టు చెప్పిన్రు. అరబీల ఆ లఫ్జ్ ఖవారీర్. సహీ బుఖారీల ఉన్న హదీస్. హల్లూ అని ఎవరి కోసం అన్నరో చూడండి. షీషా అన్నది మిసాల్, ఫికర్ ఔరతుల గురించి. మనం ఏం చేసినం? ఆ హల్లూను ఔరత్ కాడ నుంచి గుంజుకొని గుల్దాన్‌కు ఇచ్చినం.

బుఖారీల్నే ఇంకో వాఖియా ఉంది. హుజూర్ ఒక బీవీ ఇంట్ల ఉండంగ ఇంకో బీవీ పళ్లెంల ఖానా పంపింది. ఇంట్లున్న బీవీకి గైరత్ వచ్చి, తెచ్చినోని చేతి మీద కొట్టింది. పళ్లెం పడి పగిలింది. హుజూర్ పగిలిన ముక్కలు దగ్గరికి చేసిన్రు, పడిపోయిన ఖానా ఎత్తిన్రు, మీ అమ్మకు గైరత్ వచ్చింది అని అక్కడున్నోళ్లతోని అన్నరు. ఆ ఇంట్ల నుంచి మంచి పళ్లెం ఒకటి తీసి వాపస్ పంపిచ్చిన్రు, పగిలింది ఈ ఇంట్ల ఉంచిన్రు. నుఖ్సాన్ భర్తీ అయింది, బాత్ ఖతం. అది చెయ్యి జారి పడ్డది కూడ కాదు, కోపంతోని కొడ్తె పడ్డది. అయినా మైకే పేరు ఎత్తలే, నలుగురిల బేఇజ్జతీ చేయలే. సున్నత్ అంటే గడ్డం ఎంత పొడుగుండాలె, పైజామా ఎంత పొట్టిగుండాలె అని కొట్లాడేటోళ్లు ఈ సున్నత్ మీద ఎన్నడన్న కొట్లాడిన్రా?

ఇక్కడ ఒక సాహెబ్ లేస్తడు. అసలు ఈ గుల్దాన్‌లు, షీషా సజావట్ అంత ఇస్రాఫ్, ఇంట్లకెల్లి తీసి పారేయాలె అంటడు. నేను జుమ్మా బయాన్‌ల ఈ మాట చెవులార విన్న. సూర అఅరాఫ్ 31వ ఆయత్‌ల తిని తాగమని, హద్దు దాటొద్దని హుకుం ఉంది, హఖ్. దాని వెంటనే 32వ ఆయత్‌ల అల్లాహ్ తన బందాల కోసం ఇచ్చిన జీనత్‌ను హరాం చేసిందెవరు అనే సవాల్ ఉంది. బయాన్‌లల్ల 31 గట్టిగ వినపడ్తది. 32 వచ్చేసరికి మైక్ ఆగిపోతది.

సూర నూర్ 35వ ఆయత్‌ల అల్లాహ్ తన నూర్‌కు ఇచ్చిన మిసాల్ యాద్ చేసుకోండి. దీపం షీషాల ఉంది, ఆ షీషా చుక్క లెక్క మెరుస్తది. మమ్లూక్ సుల్తాన్‌ల జమానాల, 13, 14 సదీలల్ల, షాం, మిస్ర్ కారిగర్లు మస్జిద్‌లకు షీషా దీపాలు చేసి వాటి మీద మీనాకారితోని ఈ ఆయత్‌నే రాసేటోళ్లు. విచ్చుకున్న మెడ, గుండ్రటి పొట్ట, అచ్చం గుల్దాన్ తీరుగనే ఉంటయి అవి. వాటిల నూనె పోసిన్రు, వత్తి ముట్టించిన్రు, గొలుసులతోని కప్పుకు వేలాడదీసిన్రు. పగులుతదేమో అని తాళమేసి పెట్టుకోలే. వాడంగ వాడంగ మిగిలినయే ఇయ్యాల పెద్ద పెద్ద మ్యూజియంలల్ల ఉన్నయి.

పది రూపాయల పువ్వును నీళ్లల్ల పెట్టుడు ఇస్రాఫ్ అయితె, మస్జిద్‌ల మన నెత్తి మీద వేలాడే ఝూమర్ ఏంది? ఖర్జా చేసి కొన్న ఖాళీ షోకేస్ ఏంది? ఇస్రాఫ్ మీద బయాన్ చేసే సాహెబే షాదీఖానాల నికా చదివిస్తడు, బయట లారీ మీదికి ఎక్కుతున్న సామాన్ మీద ఒక్క లఫ్జ్ అనడు. ఛువారే జేబుల ఏసుకొని పోతడు.

ఇంకో జమాత్ ఉంది, జౌఖ్ ఉన్నోళ్లు. మన నీలం గుల్దాన్‌లను చూసి ఓల్డ్ సిటీ టేస్ట్ అని మూతి తిప్పుతరు. వీళ్లే టికెట్ కొని చౌమహల్లాకు పోయి ఖిల్వత్‌ల 19 బెల్జియం ఝూమర్ల కింద సెల్ఫీలు తీసుకుంటరు. సాలార్‌జంగ్ మ్యూజియంల యూరప్ షీషా ముందట నోరు తెరుచుకొని నిలబడ్తరు. నవాబు కొంటె కలెక్షన్, దర్జీ కొంటె చిల్లర. వీళ్ల గురించి ఇంతకన్న రాసుడు దండుగ. షీషాకు నీలం కోబాల్ట్‌తోని వస్తది, ఎవరి ఇంట్ల గుల్దాన్‌కైనా.

నాకు ఎక్కువ బాధ అనిపిచ్చేది దాన్ని చేసినోడు యాదికొచ్చినప్పుడు. మన దేశంల షీషా పని అంటే ఆగ్రా దగ్గరున్న ఫిరోజాబాద్. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి 1400 డిగ్రీల పైన భట్టీల కరగబెడ్తరు. కారిగర్ పొడుగాటి ఇనుప గొట్టం కొసకు ఎర్రటి షీషా ముద్ద చుట్టుకొని, తిప్పుకుంట తిప్పుకుంట ఊదుతడు. గుల్దాన్ పొట్ట ఆయన దమ్ముతోని వస్తది. ఒక్కసారి చల్లగైతె పటుక్కున పగులుతది గనుక గంటల తరబడి నిమ్మలంగ చల్లార్చాలె. ఆ పనిల మన శీష్‌గర్ బిరాదరీ వాళ్లు పీఢీల నుంచి ఉన్నరు. భట్టీల మాల్ అక్కడితోని ఆగదు, గాజుల జోడాయి పని ఇండ్లల్లకు పోతది, ఔరతులు మంట ముందట కూసొని ఒక్కొక్క గాజు అతికిస్తరు.

1996 డిసెంబర్ 30న సుప్రీంకోర్టు తాజ్‌మహల్‌ను పొగ నుంచి కాపాడనీకి ఫైసలా ఇచ్చింది. తాజ్ చుట్టు ఉన్న ఇలాఖాల కార్ఖానాలు బొగ్గు వదిలి గ్యాస్‌కు మారాలె అని. ఫిరోజాబాద్ గూడ ఆ ఇలాఖాలనే ఉంది. సంగెమర్మర్ పసుపు పడ్తుందని ఫికర్ చేసిన్రు, మంచిగనే చేసిన్రు. భట్టీ ముందట నిలబడ్డోని ఊపిరితిత్తుల మీద దాంట్ల సగం ఫికర్ ఎవరన్న చేసిన్రా? ఆ మనిషి దమ్ము పోసి చేసిన చీజ్‌ను తెచ్చి, ఒక్కనాడు వాడకుంట తాళమేసుడు నాకు బద్తమీజీ అనిపిస్తది. (మీ ఇంట్లది ఊదిందా, సాంచాల ఒత్తిందా తెల్వాలంటే పక్కలకు వేలుతోని తడమండి. నిలువు గీత తగిలితె సాంచాది. గీత లేకుంట అడుగున తెగిన మచ్చ ఉంటె ఒక మనిషి ఊదింది.)

"పగిలిపోతది భాయ్, పిల్లలున్నరు" అంటరు. పగలనియ్యండి. షీషా ఉన్నది వాడనీకి, వాడితె ఎప్పుడో ఒకప్పుడు పగులుతది. పగిలిన నాడు బలా టల్ గయీ అనండి, ఎవరి చేతిల పగిలినా. బహు చేతిల పగిలినప్పుడు జర ఎక్కువ గట్టిగ అనండి, పక్కింటోళ్లకు వినపడేటట్టు. చెప్పులేసుకొని ముక్కలు మీరే ఎత్తండి.

షాదీకి తయారైన పిలగాళ్లకు గూడ చెప్తున్న. "మేం ఏం అడగలే, వాళ్లు ఖుషీతోని ఇచ్చిన్రు" అనుడు బంద్ చేయండి. షోకేస్ వద్దు, లారీ వద్దు అని మామకు నోరు తెరిచి చెప్పనంత సేపు మీరు అడిగినట్టే. మెహర్ నికా నాడే చేతిల పెట్టండి. గుల్దాన్ మీద షౌఖ్ ఉంటె మీ పైసలతోని ఒక్కటి కొనండి. ఒక్కటి చాలు.

పాత షోకేస్ ఉన్నోళ్లు ఈ జుమేరాత్ తాళం తీయండి. జోడిని ఇడగొట్టండి, ఒకటి హాల్ల, ఒకటి బహుకు ఎక్కడ ఇష్టమైతె అక్కడ. ప్లాస్టిక్ గులాబీలు తీసి పక్కకు పెట్టండి. గుడిమల్కాపూర్ మండీకి పొద్దుగాల పోతె లిల్లీ కాడలు సస్తగ దొరుకుతయి, అదే మన గుల్-ఎ-షబ్బో, రాత్రి ఇల్లంత వాసనొస్తది. మండీ దాక పోలేనోళ్లకు పెరట్ల మందారం కొమ్మ, పుదీనా కాడలైనా సరే. కాడ కొసను ఏటవాలుగ కోయండి, నీళ్లల్ల మునిగే ఆకులు తీసేయండి, నీళ్లు రోజు మార్చండి. బోరు నీళ్లకు అడుగున తెల్లటి పొర పడ్తది. దాన్ని చూసి "అరె, ఖరాబ్ అయిపోయింది" అని మళ్ల షోకేస్‌ల పెట్టకండి. జరంత సిర్కా, గుప్పెడు బియ్యం ఏసి గిరగిర తిప్పి కడగండి, పోతది.