ఆడి గెలిచిన జట్టుకు ఓటు అడ్డమా?

ర్యాంకు అనే మాట తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. ప్రవేశ పరీక్షల ఫలితాలు వెలువడిన రోజున ఇంటింటా అదే మాట. అయితే ఆ ర్యాంకు విద్యార్థి రాసిన జవాబులను బట్టి వస్తుందే గాని, అతడి మీద ఎవరికి ఎంత నమ్మకం ఉందన్న దాన్ని బట్టి రాదు. అవే ఇళ్ల నుంచి పై చదువులకు అమెరికా వెళ్లిన పిల్లలు అక్కడ మరో రకం ర్యాంకును చూస్తున్నారు. అది కాలేజీ ఫుట్‌బాల్ జట్ల ర్యాంకు. ఆట జరిగేది మైదానంలో, ర్యాంకు ఇచ్చేది మాత్రం మైదానం బయట కూర్చున్నవారు. చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికావారి ఫుట్‌బాల్ కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తుతారు, లేదా ముందున్నవాడికి విసురుతారు. పక్షానికి పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు సాగాలి, లేకుంటే బంతి ఎదుటి పక్షానికి పోతుంది. కళాశాలల మధ్య తొలి పోటీగా లెక్కించేది 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్ల మధ్య జరిగిన పోటీని. నేడు మిచిగాన్ విశ్వవిద్యాలయ స్టేడియం ఒక్కదానిలోనే 1,07,601 మందికి చోటుంది. ఆట రోజులు వచ్చాయంటే శనివారం నాడు ఆ ఊళ్లలో తిరునాళ్ల సందడే.

ఓటు ఎందుకు వచ్చింది?

ప్రథమ శ్రేణిలో 130కి పైగా జట్లున్నాయి. ఒక్కో జట్టు సీజనులో మామూలుగా ఆడేది 12 మ్యాచ్‌లు. అందరితో అందరూ ఆడటం సాధ్యం కాదు. కనుక ఎవరు మిన్న అన్నది ఎవరో ఒకరు తేల్చవలసి వచ్చింది. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పత్రికల వారి ఓట్లతో వారం వారం జాబితా వేస్తోంది. 1950 నుంచి కోచ్‌ల జాబితా ఒకటి తోడయింది. రెండు జాబితాలు ఇద్దరు విజేతలను చూపిన సందర్భాలూ లేకపోలేదు. 1990లో ఒకరు కొలరాడో అంటే, మరొకరు జార్జియా టెక్ అన్నారు. 1997లో మిచిగాన్, నెబ్రాస్కా రెండూ తామే విజేతలమన్నాయి. 1998లో కంప్యూటర్ లెక్కలను కలిపి చూశారు. 2014 నుంచి 13 మంది సభ్యుల కమిటీ నాలుగు జట్లను ఎంపిక చేసి చివరి పోటీలు పెట్టింది. 2024లో ఆ నాలుగు పన్నెండయ్యాయి.

సంఖ్య పెరిగింది గాని అభిమాని అడిగే ప్రశ్న మారలేదు. గెలిచిన మ్యాచ్‌లకు విలువా, గెలుస్తారన్న అంచనాకు విలువా?

ఫ్లోరిడా స్టేట్‌కు జరిగింది

2023లో ఫ్లోరిడా స్టేట్ జట్టు ఆడిన పదమూడింటికి పదమూడూ గెలిచింది. నవంబరులో క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్ కాలు విరిగింది. జట్టును నడిపించే ఆటగాడే లేకున్నా మిగిలినవారు ఫ్లోరిడాను 24–15తో, లూయీవిల్‌ను 16–6తో ఓడించి తమ కాన్ఫరెన్స్ టైటిల్ గెలుచుకున్నారు. డిసెంబరు 3న కమిటీ జాబితా వెలువడింది. ఒక్కో ఓటమి ఉన్న టెక్సాస్, అలబామా జట్లకు చోటు దక్కింది. ఓటమే ఎరగని ఫ్లోరిడా స్టేట్‌ను అయిదో స్థానంలో పెట్టి బయట నిలిపారు. ట్రావిస్ లేని జట్టు మునుపటి జట్టు కాదన్నది కమిటీ చెప్పిన కారణం.

ఆ తరువాత ఆరెంజ్ బౌల్‌లో ఆ జట్టు జార్జియా చేతిలో 63–3తో చిత్తుగా ఓడింది. కమిటీ చెప్పిందే నిజమైందని కొందరు సంబరపడ్డారు. కాని అప్పటికే చాలామంది ముఖ్య ఆటగాళ్లు ఆ మ్యాచ్‌కు దూరమయ్యారు. ఆశ చచ్చిన జట్టు ఓడిపోవడాన్ని సాక్ష్యంగా చూపడం న్యాయం కాదు. ఆకులు దూసి, చెట్టు ఎండిందని నిందించినట్లుంటుంది.

కమిటీ పక్షాన చెప్పవలసిన మాట లేకపోలేదు. అందరి ప్రత్యర్థులూ ఒకే స్థాయివారు కారు. బలహీనులతో ఆడి అన్నీ గెలిచిన జట్టు కంటే, బలవంతులతో ఆడి రెండు ఓడిన జట్టే గట్టిది కావచ్చు. కనుక వివేచన అవసరమే. అయితే ఆ వివేచన జరిగిన ఆటను తూచాలి గాని, జరగని ఆటను ఊహించరాదు.

2025 సంగతే చూడవచ్చు. ఆగస్టు 31న మయామీ జట్టు నోటర్‌డేమ్‌ను 27–24తో ఓడించింది. సీజను ముగిసేసరికి ఇద్దరివీ పదేసి గెలుపులు, రెండేసి ఓటములు. అయినా కమిటీ జాబితాల్లో వారాల తరబడి నోటర్‌డేమ్ పైన, మయామీ కింద ఉండిపోయాయి. చివరి జాబితాలో మాత్రమే వరుస మారి మయామీకి చోటు దొరికింది, నోటర్‌డేమ్ బయట మిగిలింది. చోటు దక్కిన మయామీ అంతకు ముందు ఏటి విజేత ఒహాయో స్టేట్‌ను సైతం ఓడించి ఫైనల్ దాకా వెళ్లింది. ముఖాముఖి తేలిన సంగతిని మొదటే గౌరవించి ఉంటే ఇటు మయామీకి ఆందోళన, అటు నోటర్‌డేమ్‌కు ఆశాభంగం రెండూ తప్పేవి.

కుర్రవాళ్ల మీద స్టార్లు

జట్లకు ర్యాంకులున్నట్లే, ఇంకా హైస్కూలు దాటని కుర్రవాళ్లకు స్టార్లున్నాయి. అయిదు స్టార్ల కుర్రవాడి కోసం పెద్ద కళాశాలలు ఇంటి గుమ్మం దాకా వస్తాయి. ఈ లెక్క వట్టిదని కొట్టిపారేయలేము. అలబామా, జార్జియా, ఒహాయో స్టేట్ అలాంటివారిని పోగుచేసుకునే విజేతలయ్యాయి. కాని అది అంచనాయే. జార్జియాకు 2021, 2022 సీజన్లలో వరుసగా టైటిళ్లు తెచ్చిన క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెన్నెట్ మొదట స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరినవాడే.

2025 సీజను ఇంకా పెద్ద పాఠం చెప్పింది. ఒక్క మ్యాచ్ జరగకముందే టెక్సాస్‌కు మొదటి ర్యాంకు కట్టబెట్టారు. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ 2023లో కళాశాలకు వచ్చిన కుర్రవాళ్లలో అగ్రగణ్యుడన్న పేరున్నవాడు. టెక్సాస్ చివరి పన్నెండు జట్లలోకే రాలేదు. తప్పు ఆ కుర్రవాడిది కాదు, ఆడకముందే కిరీటం పెట్టినవారిది. అదే సమయంలో దశాబ్దాలుగా ఓటములకు మారుపేరైన ఇండియానా జట్టు, 2023లో మూడే మ్యాచ్‌లు గెలిచిన జట్టు, కోచ్ కర్ట్ సిగ్నెట్టీ చేతిలో రూపు మార్చుకుంది. పెద్దగా స్టార్లు లేని ఫెర్నాండో మెండోసా దాని క్వార్టర్‌బ్యాక్. అతడికి ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ దక్కింది. 2026 జనవరి 19న ఫైనల్‌లో మయామీని 27–21తో ఓడించి, పదహారుకు పదహారూ గెలిచి ఇండియానా విజేత అయింది.

నేడు ఈ అంచనాలకు ధర కూడా ఉంది. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025 ఒప్పందంతో కళాశాలలే తమ క్రీడాకారులందరికీ కలిపి తొలి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా పంచే వీలు కలిగింది. చెమటోడ్చినవాడికి వాటా దక్కడం సబబే. కోచ్‌లు ఇష్టం వచ్చినప్పుడు కళాశాల మారుతున్నప్పుడు కుర్రవాడు మారితే తప్పుపట్టడమూ తగదు. కాని ర్యాంకు పెరిగితే పేరు, పేరు పెరిగితే డబ్బు, డబ్బు పెరిగితే మంచి ఆటగాళ్లు వస్తున్నప్పుడు, తప్పుడు ర్యాంకు ఒక్క ఏడాదితో పోయే నష్టం కాదు.

చేయవలసింది అసాధ్యమైనదేమీ కాదు. కనీసం నాలుగైదు వారాల ఆట జరిగేదాకా జాబితాలు వేయకుండా ఉండాలి. గెలుపోటములు సమానమైనప్పుడు ముఖాముఖి ఫలితమే తీర్పు కావాలి. గాయపడిన ఆటగాడి పేరు చెప్పి గెలిచిన జట్టును తగ్గించరాదు. కాన్ఫరెన్స్ విజేతల్లో అయిదింటికి ఇప్పుడున్న హామీని ఎట్టి పరిస్థితుల్లోనూ కుదించరాదు.

కళాశాలలో ఆటగాడికి దొరికే సీజన్లు నాలుగైదుకు మించవు. ఓటు వేసేవారికి మరుసటి ఏడు మరో జాబితా ఉంటుంది. 2023లో ఫ్లోరిడా స్టేట్ తరఫున పదమూడు గెలిచిన కుర్రవాళ్లకు ఆ ఏడు మళ్లీ రాదు. ఓటు వేసేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.