ఇంజన్ ఆగినా నేల చేరవచ్చు

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, సింగ్‌నగర్ డాబాల మీదికి హెలికాప్టర్లు వచ్చి ఆహార పొట్లాలు జారవిడిచాయి. బుడమేరు పుట్టింది మా మైలవరం కొండల్లోనే కాబట్టి ఇక్కడ ఏ నలుగురు చేరినా అదే మాట. చివరికి ఒక భయం దగ్గర ఆ మాట ఆగేది: గాల్లో ఇంజన్ ఆగిపోతే ఇంకేముంది, ఉన్నపళాన కూలడమే కదా! చదువుకున్నవాళ్లూ ఇలాగే అనుకుంటారు. అది నిజం కాదు.

హెలికాప్టర్‌ను గాల్లో నిలిపేది నెత్తిన తిరిగే రోటరు. ఇంజన్ ఆగగానే ఒక క్లచ్ దాన్ని రోటరు నుంచి విడదీస్తుంది. దాంతో ఆగిన ఇంజన్ రెక్కల్ని పట్టి ఆపలేదు. పైలట్ ఎడమ చేతి దగ్గర కలెక్టివ్ అనే లివరు ఉంటుంది. దాన్ని ఆయన వెంటనే కిందికి దించుతాడు, రెక్కల వాలు తగ్గుతుంది. ఇక దిగుతున్నకొద్దీ కింది నుంచి ఎదురొచ్చే గాలే, తిరునాళ్లలో పిల్లలు కొనుక్కునే కాగితపు గాలిపంకాను తిప్పినట్టు, రోటరును తిప్పుతుంది. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. దిగే వేగం నిమిషానికి సుమారు 1,500 నుంచి 2,000 అడుగులు. నేల దగ్గరపడగానే పైలట్ ముక్కు పైకెత్తి వేగం తగ్గిస్తాడు. ఆఖరి అడుగుల్లో కలెక్టివ్ పైకి లాగి, రోటరులో మిగిలిన ఊపంతా వాడి మెల్లగా దింపుతాడు. ఆ ఊపు ఒక్కసారికే సరిపోతుంది.

1972 జూన్ 21న ఫ్రాన్స్‌లో జాఁ బూలే అనే పైలట్ లామా హెలికాప్టర్‌ను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. అక్కడ ఇంజన్ ఆరిపోయింది. ఆటోరొటేషన్‌తోనే ఆయన క్షేమంగా నేలకు దిగాడు. అదే లామాను మన హెచ్‌ఏఎల్ చీతా పేరుతో తయారు చేసింది.

అయితే ఇందుకు చాలినంత ఎత్తో వేగమో ఉండాలి, దిగే చోటు కంటికి కనపడాలి. పైలట్ ఒకటి రెండు సెకన్లలో స్పందించాలి. తక్కువ ఎత్తులో కదలకుండా నిలబడ్డ హెలికాప్టర్‌కు ఆ అదను దొరకదు. సింగ్‌నగర్‌లో పొట్లాలు వేసింది అలా నిలబడే. కింద వరద నీళ్లు, కరెంటు తీగలు, ఇళ్లు. రెండో ఇంజన్ ఉంటే అది కొంత ఆసరా, అంతే. ఆ సంగతి తెలిసే అక్కడ నిలబడిన పైలట్లకు మనం రుణపడి ఉన్నాం.

హెలికాప్టర్ ప్రమాదాల దుఃఖం మనకు కొత్త కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగిని కైకలూరు దగ్గర పోగొట్టుకున్నాం. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డితో పాటు మరో నలుగురు నల్లమలలో చనిపోయారు. వాళ్లు ప్రయాణించిన బెల్ 430 హెలికాప్టర్‌కు రెండు ఇంజన్లున్నాయి. అది కూలింది ఇంజన్ ఆగి కాదు. గేర్‌బాక్స్ ఆయిల్ హెచ్చరిక రావడంతో పైలట్లు దాని పరిష్కారం వెతకడంలో పడ్డారని, ఈలోగా హెలికాప్టర్ భారీ వర్షమేఘంలోకి వెళ్లి, కిందికి తోసే బలమైన గాలికి అదుపు తప్పిందని విచారణ తేల్చింది. నేల కనపడని మేఘంలో, అడవి కొండల మీద, ఏ నైపుణ్యానికైనా హద్దుంటుంది.

ఇంజన్ ఆగితే ఏం చేయాలో ప్రతి హెలికాప్టర్ పైలట్‌కూ నేర్పుతారు. ఆయనకు మనం ఇవ్వాల్సింది, వాతావరణం బాగాలేదని చెప్పే స్వేచ్ఛ. నాయకులకూ, పర్యటనలు ఖరారుచేసే అధికారులకూ నా విన్నపం ఇదే: మబ్బు చూసి పైలట్ వద్దంటే ఇక మాట్లాడకండి. సభ మర్నాడు పెట్టుకోండి, లేదా కారులో వెళ్లండి. హెలిప్యాడ్ చుట్టూ తీగలు, సెల్ టవర్లు లేని ఖాళీ పొలం ఉండేలా చూడండి. చూడ్డానికి వచ్చే జనం కూడా ఆ ఖాళీలోకి చొరబడొద్దు. ఇంజన్ మొరాయించిన రోజున లోపలున్నవాళ్ల ప్రాణాలు నిలిచేది ఆ నేల మీదే.