వంటింటి దాకానేనా?

మండపేటలో బిర్యానీ పొయ్యి దగ్గర అక్కరకు వచ్చిన ముస్లిం పేరు, కౌంటరు ఉద్యోగం దగ్గర అడ్డు రాకూడదు. మతం పేరిట ఎవరినీ హోటలులోకి రాకుండా ఆపరాదని రాజ్యాంగం 15(2) అధికరణం శాసించింది. తినడానికి వచ్చినవారికి ఉన్న ఈ రక్షణ పని కోసం వచ్చినవారికి లేదు. 16వ అధికరణం ప్రభుత్వ కొలువులకే పరిమితం. బీసీ-ఇ 4 శాతం ఉద్యోగ రిజర్వేషనూ ప్రైవేటు గడప తొక్కదు. ఈ లోటు పూడ్చే చట్టం కోసం పోరాడవలసిందే.

అంతవరకు చేతిలో ఉన్న హక్కును వదులుకోవడమెందుకు? పదిమంది, అంతకు మించి పనిచేసే హోటలులో నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందేవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, కార్మికునిది 0.75 శాతం. పొయ్యి దగ్గర ఒళ్లు కాలితే వైద్యమూ, పనికి రాలేని రోజులకు భత్యమూ అందులోనివే. కాని హాజరు పట్టీలో పేరుండాలి కదా! రాతపూర్వక ఒప్పందం, సామాజిక భద్రత లేని ముస్లిం కార్మికుల దుస్థితిని సచార్ కమిటీ 2006లోనే చూపింది. మన సోదరులు నడిపే హోటళ్లలోనూ ఆ పట్టీని అడిగి చూడండి.