హన్నా చేతిలోంచి బిడ్డను ఎవరూ లాక్కోలేదు

మే నెల రెండో ఆదివారం వస్తే మా చర్చిల్లో తల్లుల పండుగ. ఆ రోజు ప్రసంగం దాదాపు ఏటా ఒకటే. హన్నా. బిడ్డలు లేక ఏడ్చి, దేవుణ్ణి వేడుకుని, పుట్టిన సమూయేలును మందిరానికి ఇచ్చేసిన తల్లి. మీరూ హన్నాలాంటి తల్లులు కావాలని చెప్పి ముగిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మా ఎరుకల పేటలో ఆ ప్రసంగం అయ్యాక హాస్టలు దరఖాస్తులు బయటికి వస్తాయి. నా గొడవ అక్కడే.

నేను కొల్లేటికోట దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఎరుకల ఇంట్లో పుట్టాను, చర్చిలో పెరిగాను, టీచర్ ట్రైనింగ్ చేసి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. పోయిన ఏడు బడి తెరిచిన వారంలో మూడో తరగతి పిల్లవాడి తల్లి వచ్చి రికార్డు షీటు రాసిమ్మంది. ఎక్కడికని అడిగాను. దూరంగా టౌన్లో ఏదో హాస్టలుకట. "హన్నా తల్లి బిడ్డనిచ్చింది గదక్కా. నేనియ్యకపోతే నాకు విశ్వాసం లేనట్టేగా" అంది. చేతిలో దరఖాస్తు ఉంటే తీసుకుని చూశాను. తండ్రి పేరు దగ్గర "లేరు" అని ఉంది. తల్లి పేరు దగ్గర కూడా "లేరు" అని ఉంది. కింద వేలిముద్ర. చదువు రాని ఆ తల్లి, తను చచ్చిపోయిందని రాసిన కాగితం మీద తనే వేలిముద్ర వేసి తెచ్చింది.

అయ్యగార్లూ, మీరు చెప్పే హన్నా కథనే ఒకసారి మళ్లీ చదవండి. షిలోహు మందిరంలో ఆమె పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. మా ఆడవాళ్లను చూసి ఇప్పటికీ చాలామంది అనుకునేది అదే. హన్నా తలదించుకుని వెళ్లిపోలేదు. నేను తాగలేదయ్యా, నా మనసులోని బాధ చెప్పుకుంటున్నాను అని బదులిచ్చింది. బిడ్డను ఇస్తానని మొక్కుకున్నది ఆమె. ఇవ్వమని ఏలీ అడగలేదు. ఎప్పుడివ్వాలో నిర్ణయించుకున్నదీ ఆమే. ఆ ఏడు మొగుడు యాత్రకు బయల్దేరితే, పాలు మానేదాకా రానని ఇంట్లోనే ఉండిపోయింది. ఇచ్చిన తర్వాత ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లి కొడుక్కిచ్చింది. సమూయేలు తల్లి ఎవరో మందిరంలో అందరికీ తెలుసు. ఆమె పేరు దగ్గర ఎవరూ "లేరు" అని రాయలేదు.

మోషే తల్లి సంగతి చూడండి. రాజు మగబిడ్డల్ని చంపమంటే మూడు నెలలు దాచింది. ఇక దాచలేక జమ్ము పెట్టెలో పెట్టి ఏటి ఒడ్డున వదిలింది. ఎవరు తీస్తారో చూడమని కూతురు కాపలా ఉంది. చివరికి ఫరో కూతురి చేత జీతం ఇప్పించుకుని తన బిడ్డకు తనే పాలిచ్చింది. కొల్లేటి జమ్ము చూస్తూ పెరిగినవాళ్లం, బుట్టలల్లి బతికినవాళ్లం. ఆ తల్లి మాకు బాగా అర్థమవుతుంది. బిడ్డను వదులుకోవడం ఆమె విశ్వాసం కాదు, వదలకుండా దారి వెతకడమే ఆమె విశ్వాసం.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా తల్లుల దగ్గర బిడ్డల్ని తీసుకోవడం ఇదే మొదలు కాదు. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911 తర్వాత అది మద్రాసు రాష్ట్రంలో మా మీదికి వచ్చింది. ఎరుకల వాడంటే పుట్టుకతోనే దొంగ అని ముద్ర. 1924లో తిరగరాసిన చట్టంలో, ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బళ్లలో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. మమ్మల్ని ఉంచిన సెటిల్మెంట్లు కొన్నిటిని నడిపింది క్రైస్తవ సంస్థలే. బాపట్ల దగ్గర స్టూవర్టుపురాన్ని, కృష్ణ ఒడ్డున సీతానగరాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. హాజరు పిలిచేవాళ్లు, పాసు లేకుండా బయటికి పోనిచ్చేవాళ్లు కాదు. పెద్దవాళ్లు ఎటూ మారరు, పిల్లల్ని వాళ్ల నుంచి తప్పిస్తేనే బాగుపడతారన్నది ఆనాటి దొరల ఆలోచన. సాల్వేషన్ ఆర్మీ వాళ్లు కేథరిన్ బూత్‌ను సైన్యానికి తల్లి అని పిలుచుకుంటారు. ఆమె ఎనిమిది మంది బిడ్డల్ని కన్నది. తల్లి పేరు అంత గొప్పగా చెప్పుకునే సంస్థ, ఎరుకల తల్లి దగ్గర ఉంటే మాత్రం బిడ్డ పాడైపోతాడని నమ్మింది.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కాగితం మీద చట్టం పోయింది గానీ ఆ ఆలోచన పోలేదు. మీ ఇంట్లో ఉంటే వీడు పందుల వెంట తిరుగుతాడమ్మా, మాకివ్వు, మనిషిని చేస్తాం అని ఇప్పటికీ మా పేటల్లో వినిపిస్తూనే ఉంది.

మిషన్లు మాకు ఏమీ చేయలేదని నేననను. ఊరి బడి వాకిట్లోకి రానివ్వని రోజుల్లో అక్షరం చెప్పారు, మందిచ్చారు. నేనూ ఏడేళ్లప్పుడు ఒక హాస్టలుకే వెళ్లాను. అన్నం పెట్టారు, చదివించారు. కానీ మా అమ్మ అటుకులు మూట కట్టుకుని, పడవ దాటి, బస్సెక్కి వచ్చిన రోజున, ఇది చూసే ఆదివారం కాదని గేటు దగ్గరే ఆపేశారు. మూట లోపలికి వచ్చింది, అమ్మ రాలేదు. మా కుర్రు భాషలో మాట్లాడితే దెబ్బలు పడేవి. సెలవులకు ఇంటికొచ్చేసరికి అమ్మ మాట నాకు నామోషీ అనిపించేది. నా చదువుకు ఆమె కట్టిన రుసుం అది. ఏ రసీదులోనూ రాయలేదు.

ఇంట్లో తిండి లేకపోతే ఏం చేయమంటావు టీచరమ్మా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2006లో కొల్లేటిలో చెరువుల గట్లు కొట్టేసిన తర్వాత పనికోసం ఊళ్లు పట్టిపోయినవాళ్లున్నారు. వాళ్ల పిల్లలకు నీడ కావాలి. ప్రభుత్వ గురుకులాలున్నాయి, హాస్టళ్లున్నాయి. తల్లి అన్నీ తెలుసుకుని, తన పేరు తను రాయించుకుని పంపితే నేను సంతోషంగా రికార్డు షీటు రాసిస్తాను. 2015 బాలల న్యాయ చట్టం కూడా పిల్లల్ని సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గమే అంటోంది. అలాంటి సంస్థలు రిజిస్టరు కావాలంటోంది. పేదరికానికి మందు పేదరికాన్ని తగ్గించడం. తల్లిని కాగితం మీద చంపడం కాదు.

మా కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. ఫాల్గుణంలో జాతరకు బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లి, మొక్కు తీర్చుకుని అదే బిడ్డను చంకనేసుకుని ఇంటికి పోతుంది. మేం చర్చికి పోయేవాళ్లం, ఆ జాతరకు పోం. కానీ అది చూసి మనం నేర్చుకోవాల్సింది ఉంది.

అందుకని అయ్యగార్లను నాలుగు అడుగుతున్నాను. దరఖాస్తులు పంచే రోజున హన్నా ప్రసంగం చెప్పకండి. తల్లి బతికుండగా బిడ్డను అనాథ అని రాయకండి, ఆ ఫోటోలు చూపించి చందాలు అడగకండి. తల్లి ఏ రోజు వచ్చినా గేటు తీయండి. ఒక పిల్లవాణ్ణి దూరంగా ఉంచి పోషించే డబ్బుతో పేటలోనే సాయంత్రం చదువు చెప్పించండి, ఆటో కిరాయి ఇవ్వండి. బిడ్డ ఇంటి దగ్గరే పెద్దవాడవుతాడు.

మన తల్లులకూ ఒక మాట. చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టొద్దు. బిడ్డనివ్వనంటే విశ్వాసం పోదు. ఇద్దరాడవాళ్లు ఒక బిడ్డ కోసం తగువు పడి వస్తే, సొలొమోను చివరికి ఆ బిడ్డను కన్నతల్లికే ఇప్పించాడు. ఆ ముక్క కూడా బైబిల్లోనే ఉంది.

ఆ రోజు దరఖాస్తులో ఏం రాసి ఉందో నేను చదివి వినిపిస్తే ఆ తల్లి చాలాసేపు మాట్లాడలేదు. "నేను లేనని రాశారా అక్కా?" అని మాత్రం అడిగింది. కాగితం మడిచి బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది. పిల్లవాడు ఇప్పుడు మా బళ్లోనే నాలుగో తరగతి. పనులు లేక వలస పోవాల్సి వస్తే ఆమె మళ్లీ రికార్డు షీటు కోసం రావచ్చు. అప్పటికి చర్చి ఏం చేసి ఉంటుందన్నదే నా ప్రశ్న.