గోడ లేనిచోట గూఢచారి

మన అభ్యుదయ మిత్రులలోనే కొందరు ఈ మధ్య వొక కొత్త వాదం లేవదీశారు. పోలీసుల్లోకి ముఠా మనిషి, ముఠాలోకి పోలీసు మనిషి మారుపేరుతో చొరబడే నేరకథా చిత్రాలున్నాయే, అవి పోలీసు యంత్రాంగానికీ నేరప్రపంచానికీ గల రహస్య సంబంధాన్ని బట్టబయలు చేస్తున్నాయట. కాబట్టి వాటిని వట్టి కాలక్షేపపు సరుకని తోసివేయరాదట. వాటిలో పాలకవర్గ యంత్రాంగంపై విమర్శ వున్నదట. విద్యార్థులు ఈ మాట విని సంతోషించారు. తమకు యిష్టమైనదానికి సిద్ధాంతం కూడా అండగా దొరికితే సంతోషించనిదెవరు? నా అభిప్రాయం సరిగ్గా యిందుకు వ్యతిరేకం. ఈ కథలు ఆ సంబంధాన్ని బయటపెట్టడం లేదు, దాచిపెడుతున్నాయి. దాచడంలో అవి చూపే నేర్పునే మన మిత్రులు విమర్శ అని భ్రమపడుతున్నారు.

ఈనాటి యీ రకం కథలకు మూలవిరాట్టు 2002లో హాంకాంగ్‌లో వచ్చిన ‘ఇన్ఫెర్నల్ ఎఫైర్స్’. ఆండ్రూ లౌ, అలన్ మాక్ దాని దర్శకులు. ముఠానాయకుడు తన కుర్రవాణ్ణి పోలీసు శిక్షణాలయానికి పంపిస్తాడు. పోలీసు అధికారి తన కుర్రవాణ్ణి ముఠాలోకి పంపిస్తాడు. యేళ్లు గడిచాక యిద్దరికీ వొకే పని పడుతుంది: రెండవవాడెవడో పట్టుకోవడం. 2006లో మార్టిన్ స్కోర్సెసీ యిదే కథను బోస్టన్ నగరానికి మార్చి ‘ది డిపార్టెడ్’ అని తీశాడు. ఉత్తమ చిత్రంగా దానికి ఆస్కార్ వచ్చింది. అదే 2006లో మన పూరి జగన్నాథ్ ‘పోకిరి’ వచ్చింది. వాటికి నకలు కాదు గాని ఆ గోత్రానిదే. తమిళంలోకీ, ‘వాంటెడ్’ అన్న పేరుతో హిందీలోకీ పోయి అక్కడ కూడా డబ్బు చేసుకొన్నది. వీటిలో పనితనం లేదని నేననను. ‘ఇన్ఫెర్నల్ ఎఫైర్స్’లో వున్నంత బిగువు మన కథకులలో చాలామందికి చేతకాదు. కాని పనితనం దేనికి వుపయోగపడుతున్నదీ అన్నది విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్న.

ఈ కథలన్నిటికీ పునాది వొక్కటే: నడుమ గోడ. గోడకు ఇటు చట్టం, అటు నేరం. గోడ వుంది కనుకనే దూకేవాడు కావాలి. దూకాడు కనుకనే పట్టుబడతాడేమోనన్న భయం. ఆ భయమే మనం టిక్కెట్టు కొనుక్కొన్న వుత్కంఠ. గోడ తీసివేయండి, కథ కుప్పకూలుతుంది.

ఆ గోడను నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ పోయే దారిలో యెక్కడైనా చూపించగలరా అని నేను యీ మిత్రులను అడుగుతున్నాను.

ఇటు నల్లమల, అటు ఎర్రమల. నడుమ కుందూ నది, కె.సి. కాలువ, కాలువ కింద వరిమళ్లు. ఆళ్లగడ్డలో రాతిని దేవుణ్ణి చేసే శిల్పులున్నారు. సినిమావాళ్లకు యివేవీ కనపడలేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చింది మొదలు వాళ్లకు సీమ అంటే వరసగా పోయే సుమోలు, వేటకొడవళ్లు, నాటుబాంబులు. ఆ వక్రీకరణ గురించి చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను. నాకు కావలసింది ఆ సుమోలలో ముందుసీట్లో కూర్చున్న మనిషి. అతని చేతిలో వున్నది ప్రభుత్వ తుపాకి.

ముఠా యెలా నడుస్తుందో సీమలో పుట్టిన ప్రతి విద్యార్థికీ తెలుసు. సినిమాహాల్లో కూర్చోగానే మరచిపోతాడు కాబోలు. పల్లెల్లో దాన్ని ముఠా అనరు, ‘పార్టీ’ అంటారు. ఆ వొక్క మాటలో యెంతో రాజకీయశాస్త్రం వుంది. హత్య జరుగుతుంది. ఫిర్యాదులో యెవరెవరి పేర్లు రాయించాలో తేల్చేది హతుని భార్య కాదు, నాయకుని యింటి అరుగు. చంపినవాడి పేరుతోపాటు ఆ పూట వూళ్లోనే లేనివాడి పేరు కూడా యెక్కుతుంది, యెందుకంటే అవతలి పార్టీకి ఖర్చులు పెట్టేవాడు వాడే. అవతలివాళ్లు కూడా తమ వంతు వచ్చినప్పుడు అంతే. స్టేషను ఈ జాబితాలను పుచ్చుకొనే కచేరీ. విచారణ నాటికి సాక్షులు అడ్డం తిరుగుతారు. లేదా పెద్దలిద్దరూ రాజీపడతారు, వుభయపక్షాల కేసులూ వీగిపోతాయి. చచ్చినవాడూ, జైల్లో వయసు పోగొట్టుకొన్నవాడూ అనుచరులే. నాయకులు శాసనసభకు పోతారు. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా యెవరు రావాలో, యెవరు పోవాలో చెప్పే సిఫారసు వుత్తరం రాసేది ఆ శాసనసభ్యుడే. ఇక చొరబడవలసిందెవరు, యెందులోకి?

ఇది నిన్న మొన్నటి సంగతి కూడా కాదు. కుంఫిణీ ప్రభుత్వం 1800లో దత్తమండలాలను నిజాం నుంచి పుచ్చుకొన్నాక మన్రో పాళెగాళ్లను అణచి, లొంగినవారికి పెన్షన్లిచ్చాడు. అణచివేత అని చరిత్ర పుస్తకాలంటాయి. వొప్పందం అన్నా తప్పులేదు. బాలగోపాల్ సీమ ముఠాతగాదాల గురించి రాస్తూ వాటిని పౌరుషాల కథగా గాక గ్రామాధిపత్యం, కాంట్రాక్టులు, అధికార రాజకీయాల కథగా చూపించాడు. సినిమా మాత్రం పౌరుషం దగ్గరే ఆగిపోయింది. పౌరుషానికి గోడ అవసరం. కాంట్రాక్టుకు అవసరం లేదు.

1991 వుపయెన్నికలో పి.వి. నరసింహారావు నంద్యాల నుంచి ఐదు లక్షల ఎనభై వేలకు పైగా మెజారిటీతో లోక్‌సభకు వెళ్లారు. తెలుగు ప్రధాని అని తెలుగుదేశం పోటీయే పెట్టలేదు. అంటే 1996 దాకా దేశపు గూఢచారిశాఖ యావత్తూ యెవరి చేతికింద వున్నదో ఆయనే ఈ వూరి ప్రతినిధి. నంద్యాల పార్టీల గుట్టు తెలుసుకోవడానికి ఢిల్లీకి వొక మారువేషగాడు కావలసివచ్చిందని యెవరైనా కథ రాస్తే నవ్వుకోమా? 2014లో వొక పార్టీ గుర్తుమీద గెలిచిన నంద్యాల శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డి 2016లో అధికారపక్షంలో చేరారు. చాటుగా యేమీ కాదు, కెమెరాల యెదుట కండువా కప్పుకొన్నారు. ఆయనను తప్పుపట్టడం నా వుద్దేశం కాదు. అన్ని పక్షాలలో, అన్ని జిల్లాలలో అంతే జరుగుతున్నది. బోస్టన్ కుర్రవాడు యేళ్ల తరబడి గుండె చేతబట్టుకొని దాటే సరిహద్దును మనవాళ్లు మధ్యాహ్నం భోజనానికి ముందు దాటుతారని మాత్రమే చెబుతున్నాను.

‘పోకిరి’ సంగతి చూడండి. చిత్రంలో చాలాభాగం దాకా పండు డబ్బు పుచ్చుకొని మనుషులను చంపే రౌడీ. ఆ తర్వాత అతను కృష్ణమనోహర్ అనే ఐ.పి.ఎస్. అధికారి అని తెలుస్తుంది. హాలంతా యీలలు. ఆ వొక్క దృశ్యంతో అంతకుముందు జరిగిన హత్యలన్నీ వెనుకటి తేదీతో విధినిర్వహణ ఐపోయాయి! కోర్టు లేదు, శవపంచాయితీ లేదు, చచ్చినవాడి తరఫున అడిగే నోరు లేదు. చేసినవాడు వాడే, చేసిన పని అదే, తుపాకి అదే. మారింది జేబులోని గుర్తింపుకార్డు వొక్కటే. పోలీసుకూ రౌడీకీ తేడా ఆ కార్డు ముక్కేనని దర్శకుడు తనకు తెలియకుండానే వొప్పుకొన్నాడు. కాని ప్రేక్షకుడు అలా అర్థం చేసుకోకుండా వుండటానికే ఆ పాటలూ, ఆ తండ్రి చావూ. చెడ్డవాడు కావాలి గనుక ఒక సబ్‌ఇన్‌స్పెక్టరున్నాడు. వాడికి పైన నిప్పులాంటి కమిషనరున్నాడు. కుళ్లు యెప్పుడూ కిందిమెట్టులోనే వుండాలి! ‘ఒక్కడు’ (2003) యింతకంటే నయం. అందులో కర్నూలు ముఠానాయకుడూ రాష్ట్ర హోంమంత్రీ అన్నదమ్ములు. ఆ చుట్టరికం తీసిన కథకునికి తాను యెంత నిజం చెప్పాడో తెలుసో లేదో. దాన్ని వదిలిపెట్టి కబడ్డీ వెంట పరుగెత్తాడు.

‘ది డిపార్టెడ్’లో ముఠానాయకుడే ఎఫ్.బి.ఐ. ఇన్‌ఫార్మరని చూపించారు కదా, అది విమర్శ కాదా అని వొక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ పాత్రకు కొంత ఆధారం బోస్టన్‌లోని వైటీ బల్జర్. ఎఫ్.బి.ఐ. అతణ్ణి సమాచారం కోసమని చేరదీసింది. అతని బాగోగులు చూసిన ఏజెంటు జాన్ కానలీకి 2002లో శిక్షపడింది. అసలు జరిగింది యిది: చొరబాటు కాదు, కాపురం. ఇంతటి విషయాన్ని చిత్రం వొక మలుపుగా వాడుకొని వదిలేసి, మళ్లీ యిద్దరు కుర్రవాళ్ల దాగుడుమూతలకు పోతుంది. చివర పోలీసుల్లోని ద్రోహిని కాల్చేస్తారు. కిటికీ బయట వొక ఎలుక నడుస్తుంది. ఎలుక చచ్చింది, యిల్లు శుభ్రం! హాంకాంగ్ చిత్రానికి యింకా నిజాయితీ వుంది; అందులో ద్రోహి బతికి, పోలీసుగానే మిగిలిపోతాడు. చైనా ప్రధాన భూభాగంలో ఆడించడానికి మాత్రం అతణ్ణి అరెస్టుచేసే మరో ముగింపు తీశారు. ఎర్రజెండా యెగిరేచోట కూడా పోలీసుశాఖ తెరమీద కడిగిన ముత్యంలా కనబడాలన్నమాట. మనవాళ్లన్నంత మాత్రాన దీన్ని కప్పిపుచ్చనక్కరలేదు.

ఇక అసలు చొరబాటు సంగతి. ‘కోవర్టు’ అన్న ఇంగ్లీషు మాట తెలుగు పల్లెలకు యెలా చేరింది? రౌడీముఠాలో దూరిన పోలీసును మనవాళ్లు కోవర్టు అనలేదు. ఉద్యమంలో వుంటూ పోలీసులకు లోబడి, తోటివారిని పట్టించినవాణ్ణీ, చంపినవాణ్ణీ అన్నారు. ఈ విద్య పాతదే. 1912లో బోల్షివిక్ అభ్యర్థిగా డ్యూమాకు యెన్నికైన మాలినోవ్‌స్కీ జారు రహస్యపోలీసుల జీతగాడు. అతనిమీద అనుమానాలను లెనిన్ కొట్టిపారేశాడు. 1917లో దస్తావేజులు బయటపడ్డాయి, 1918లో అతణ్ణి కాల్చివేశారు. మన మాలినోవ్‌స్కీ భువనగిరి నయీముద్దీన్. 1993 జనవరి 27న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో పోలీసు అధికారి వ్యాస్‌ను చంపిన కేసులో ముద్దాయి. తర్వాత అదే పోలీసుల పనిముట్టయ్యాడు. 1999లో గాయని బెల్లి లలితను చంపి ముక్కలు చేసిన దారుణంలో అతని ముఠా పేరే వినబడింది. పౌరహక్కుల సంఘానికి చెందిన పురుషోత్తం 2000 నవంబరులో, ఆజంఅలీ 2001 ఫిబ్రవరిలో హతులయ్యారు. ఆ హత్యలు పోలీసుల అండతో జరిగాయని సంఘం ఆరోపించింది. పదిహేనేళ్లకు పైగా భూముల సెటిల్‌మెంట్లు, బెదిరింపు వసూళ్లు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసులే అతణ్ణి కాల్చిచంపారు. అతనితో సంబంధాలున్నాయని ఆ మరుసటి యేడు కొందరు అధికారులను సస్పెండు చేశారు. ఆ తూటా అతనితోపాటు అతని నోటిని కూడా మూసింది. సినిమాలో చొరబాటుదారు ముఠాను నాశనం చేస్తాడు. మన చరిత్రలో చొరబాటు ముఠాను పుట్టించింది.

దాని నష్టం అంతటితో ఆగదు. కోవర్టులున్నారన్న భయం ఉద్యమాలలో మనిషిని మనిషి నమ్మని స్థితి తెచ్చింది. ఇన్‌ఫార్మరన్న ముద్రతో అడవి పల్లెల్లో చచ్చినవారిలో కూలీలున్నారు, గిరిజనులున్నారు. ఈ సంగతి మన పత్రికలు చాలాకాలం గుసగుసగానే మాట్లాడాయి. ఇంతటి వస్తువు మన యెదుట వుండగా, బోస్టన్ కుర్రవాడి సెల్‌ఫోను మోగుతుందా మోగదా అని గుండెలు పట్టుకొని కూర్చుంటున్నాం.

వుత్కంఠ లేకుండా కథ యెవరు చదువుతారంటారా? సీమ కథకులకు నేనొక మనిషిని చూపిస్తాను. నాయకుని యింటిముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న గన్‌మన్. జీతం ఖజానానుంచి వస్తుంది, భోజనం ఆ యింట్లోనుంచి వస్తుంది. కారు తలుపు తీస్తాడు. పిల్లలను బడినుంచి తీసుకొస్తాడు. సాయంత్రం అరుగుమీద యెవరెవరు కూర్చున్నారో స్టేషనుకు చెప్పడం అతని వుద్యోగం. స్టేషనులో ఫిర్యాదు యిచ్చిందెవరో యింటికి చెప్పడం అతని అన్నానికి బదులు. అతనికి మారుపేరు లేదు, దొంగమీసం లేదు. ఛాతీమీద ప్రభుత్వం యిచ్చిన పేరుపట్టీ వుంటుంది. హతుని భార్య వొకనాడు ఫిర్యాదు పట్టుకొని స్టేషనుకు వెళుతుంది. నాయకుని యింటిదగ్గర తాను చూసిన ఆ మనిషే యిక్కడ బల్లమీద కూర్చుని టీ తాగుతుంటాడు. అక్కడ అడిగినట్టే యిక్కడ కూడా, యేం కావాలమ్మా అని మర్యాదగా అడుగుతాడు.