మన యిల్లు: రేకుపూల సీలింగు

ఇల్లు కట్టించువారు గోడల రంగు నెన్నుటకు నెలలతరబడి యాలోచింతురు. నేల నునుపునకై తాపీపనివానితో వాదింతురు. గుమ్మపు చెక్కడమునకై ఊరూరు తిరుగుదురు. కాని తలమీది కప్పునకు లోపలితట్టు ఎట్లుండవలెనో యోచించువారు అరుదు. ఉయ్యాలలోని పసిబిడ్డ గంటలకొలది చూచునది ఆ తట్టునే. జబ్బుపడి మంచమున నున్నవారికిని అదియే లోకము. అందుచేత ఈ మాసము ఆ తట్టును మూయు సీలింగును గూర్చియు, అందును ఒకదాని యంచు నొకటి పట్టుకొని నిలుచు లోహపు రేకుపలకలను గూర్చియు సోదరీమణులకు కొంత విన్నవింపదలచితిమి.

లోహపు పలకల సీలింగులు నేడు మన పట్టణములలో అంగళ్లయందును, వసారాలయందును, వంటయిండ్లయందును కనబడుచున్నవి. ఇవి నిన్న మొన్నటి వింత యని తలచుట సహజమే. కాని వీని కథ 19వ శతాబ్దముననే మొదలైనది. ఆ కథ తెలిసినచో, అంగడివాడు చూపు పలకలలో దేనిని మెచ్చవలెనో, దేనిని పరీక్షింపవలెనో మనకు తేటపడును.

ఆ కాలమున ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో కలవారి యిండ్ల సీలింగులు గారతో చేయబడెడివి. దూలముల క్రింద సన్నని చెక్కబద్దలను కొంచె మెడమిచ్చి వరుసగా కొట్టి, వానిపై తడిగారను మెత్తెడివారు. ఆ గార సందులలో దూరి, ఆవలితట్టున ముద్దగట్టి గట్టిపడును. ఆ ముద్దలే సీలింగును పట్టుకొనియుండు కొక్కెములు. క్రిందినుండి చూచువారికి తీగెలు, పూలు, గుత్తులు కనబడును గాని కొక్కెములు కనబడవు. ఇల్లు అదరినను, వాన కారినను, ఏండ్లు గడచినను ఆ ముద్దలు విరిగి, ఒకనాడు గారపెళ్ల యూడి క్రిందివారి నెత్తిన బడును.

ఆస్ట్రేలియాలోని సిడ్నీనగరమున టౌనుహాలు కట్టుచున్నపుడు పెద్దలకు ఈ భయమే కలిగెను. అందలి సెంటెన్నియల్ హాలు 1889లో తెరువబడినది. ఆ హాలునకై లండనులోని విలియం హిల్ అండ్ సన్ అను వారిచేత గొప్ప పైపు ఆర్గను నొకదానిని చేయించిరి. అందు మిక్కిలి మంద్రమైన స్వరమునకు 64 అడుగుల గొట్టము గలదు. అట్టి స్వరము చెవికి వినబడుటకంటె ఒంటికి అదురుగా తెలియును. ఆ యదురునకు గారపెళ్లలు రాలి సభికులపై పడునేమో యని శంకించి, గారకు మారుగా అచ్చొత్తిన తుత్తునాగపు రేకుతో, అనగా జింకురేకుతో, సీలింగు నమర్చిరి. ఆ పనిని నిర్వహించినవాడు ఎర్నెస్టు వుండర్లిక్కు. ఇతడు 1859లో లండనులో పుట్టి, 1885లో సిడ్నీ చేరెను. ఆల్‌ఫ్రెడ్డు, ఒట్టో అను తమ్ములును అతనితో కలిసిరి. ఆ సోదరుల పేరిటి కార్ఖానా రేకులు ఆ దేశమున పల్లెపల్లెకును ప్రాకినవి. నేర్పరులగు గారపనివారు దొరకని దూరపు టూళ్లకు సయితము, ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన రేకులు రైలుమీదను బండిమీదను పోగలవు. ఊరి వడ్రంగి వానిని బిగింపగలడు. కలవారికి మాత్రమే దక్కుచుండిన పూలకప్పు సామాన్యగృహిణి గదికిని వచ్చిన దిట్లు.

ఈ రేకు మిక్కిలి పలుచనిది. అమెరికాలో విరివిగా వాడిన ఉక్కురేకు మందము మిల్లీమీటరులో మూడవవంతునకు మించదు. అంత పలుచనిది వ్రేలాడక నిలుచుట కేమి కారణము? తాటియాకును చూడుడు. ఆకు పలుచనిదే, అయినను మడతలున్నందున నిటారుగా నిలుచును. మడతలను చదును చేసినచో వాలిపోవును. అటులే రేకును క్రింది అచ్చుపై నుంచి, పైనుండి బరువైన రెండవ అచ్చును దభాలున జారవిడిచినపుడు, రేకునందు గట్లును పల్లములును ఏర్పడి బిగువు కలుగును. కావున ఆ పువ్వు అలంకారము మాత్రమే కాదు. అది రేకునకు వెన్నెముక. గారపూలను పోలునట్లు తెల్లరంగు పూసిన యీ రేకును గిల్టునగ యని యీసడించువారు కలరు. గిల్టునగ మెరయుటకు తప్ప మరి దేనికిని రాదు. ఈ రేకుపూవు తన బరువును తానే మోసికొనుచున్నది. రెంటికిని పోలిక చెల్లదని మా యభిప్రాయము.

ఇక అసలు సంగతి అతుకు. అమెరికాలో ఈ పలకలను 2 అడుగుల చదరములుగను, 2 అడుగుల వెడల్పున 4 లేక 8 అడుగుల పొడవుగను చేసెడివారు. దూలములకు అడ్డముగా చెక్క రీపర్లను కొట్టి, పలకలను వానికి మేకులతో బిగించెడివారు. ప్రతిపలక యంచునను పూసవలె ఉబ్బిన గట్టొకటి యుండును. ఒక పలక గట్టుపై రెండవ పలక గట్టు టోపీవలె కూర్చుండును. మేకు ఆ గట్టుమీదనే దిగును. గది నడుమనుండి మొదలుపెట్టి నలువైపులకు పోయినచో, గోడలయొద్ద కోయవలసిన ముక్కలు రెండుప్రక్కల సమానముగా వచ్చును. గుమ్మములో అడుగుపెట్టినవారికి అతుకుగీత కనబడకుండునట్లు పలకల నమర్చుట పనివాని నేర్పు.

ఈ యుపాయము మనకు కొత్తది కాదు. మన పాత నాటుపెంకు ఒకదానిపై నొకటి బోర్లించినదే గాని ఒకదానిని మరొకటి పట్టుకొనదు; కోతి దుమికినచో కదలిపోవును. బెంగుళూరు పెంకు అట్లు గాదు. దాని యంచున గాడియు గట్టును ఉండి, ప్రక్కపెంకు అందులో ఇముడును. మంగుళూరులో బాసెల్ మిషనువారు 1865లో నెలకొల్పిన కార్ఖానాతో ఆ పెంకు మన దేశమున వ్యాపించినది. వుండర్లిక్కు సోదరులును రేకులతోపాటు ఫ్రాన్సు దేశపు మార్సెయిల్సు పెంకులను తెప్పించి సిడ్నీలో అమ్మిరి. ఆ పెంకునకును మన బెంగుళూరు పెంకునకును సూత్రమొకటియే: వస్తువు బలము దాని నడుమ లేదు, అంచున నున్నది.

ఆ కాలపు వర్తకులు ఈ సీలింగును అగ్నిభయము లేనిదని ప్రకటించెడివారు. ఇందు సగమే నిజము. రేకు తాను మండదు. నిప్పురవ్వ పైకెగిరినను అంటుకొనదు. కాని వెనుకనున్న రీపర్లు చెక్కవి. లోహము వేడిని వెంటనే ఆవలికి పంపును గనుక, మంట పెద్దదైనపుడు వెనుకచెక్క కాగి రగులుకొనగలదు. నేటికిని అంగడిలో “ఇది కాలదు” అని చెప్పినపుడు, “పలక కాలదు సరే, దానిని పట్టుకొన్న చట్ర మెట్టిది?” అని సోదరీమణులు అడుగవలెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, అనగా 1939-45 సంవత్సరములలో, ఉక్కు యుద్ధసామగ్రికి తరలిపోవుటయు, జిప్సముపలకలు చౌకయగుటయు ఈ పూలసీలింగుల వాడుకను తగ్గించినవి.

నేడు మన యూళ్లలో అమ్ము పలకలు పూర్వపువాని సంతతియే యైనను కొన్ని మార్పులు పొందినవి. కొన్ని జింకుపూతగల ఇనుపరేకువి, కొన్ని అల్యూమినియమువి. అదే యాకారమున అదే రంగులలో పీవీసీ బద్దలును కలవు. ఇవి ప్లాస్టికే గాని లోహము గావు. వంటయింటి పొయ్యిపైన వీనిని బిగించుట మాకు సమ్మతము గాదు. వేడికి వంగును, నిప్పంటినచో విషపుపొగ గ్రక్కును. పరీక్షకు అయస్కాంతపు ముక్క నొకదానిని వెంటబెట్టుకొని పొండు. అంటుకొన్నచో ఇనుము. అంటుకొననిచో గోటితో కొట్టి చూడుడు; అల్యూమినియము ఖణేలుమనును, పీవీసీ మొద్దుగా పలుకును. సముద్రతీరపు గాలిలో ఉప్పు ఎక్కువ. విశాఖపట్టణము, మచిలీపట్టణము మొదలగు చోట్ల ఇనుపరేకు కోసిన యంచునను, మేకు దిగిన చోటను తుప్పు త్వరగా పుట్టును. అచ్చటివారు అల్యూమినియము నెన్నుకొనుట మేలు. ఇనుపరేకునే కొన్నచో కోసిన ప్రతియంచునకును తుప్పుపట్టని రంగు పూయించుట మరువరాదు.

అతుకులలో నేడు ముఖ్యముగా రెండు తెఱగులు కలవు. మొదటిదానియందు పలక యొక యంచున గాడియు, రెండవ యంచున నాలుకయు ఉండును; తరువాతి పలక నాలుక ముందటి పలక మేకును కప్పివేయును. ఇది చూపునకు ముచ్చటైనది. మేకు కనబడదు, సందు కనబడదు, బూజు పట్టుటకు చోటు తక్కువ. కాని నడుమపలకను తీయవలెనన్నచో కొసనుండి వరుసగా విప్పుకొని రావలెను. రెండవదానియందు చట్రమును గళ్లుగళ్లుగా వ్రేలాడదీసి, చదరపుపలకలను అందులో పెట్టుదురు. గీతలు కనబడును గాని, ఏ పలకనైనను చేతితో పైకెత్తి తీయవచ్చును. నడవకును, ముందుగదికిని మొదటిది తగును. స్నానపుగదిలోను, నీళ్లగొట్టములు పోవు చోటను రెండవదియే వలయును. మొదటిదే కావలెనని ముచ్చటపడినచో, మనిషి తలయు చేయియు పట్టునంత తలుపు నొకదానిని పెట్టించుకొనవలెను.

ఇంతగా చెప్పుటకు కారణము కలదు. వానకు కప్పు కారుచున్నదని, మరక కనబడకుండ క్రింద సీలింగు బిగించుకొను గృహస్థులు మన యూళ్లలో తక్కువ గాదు. సీలింగు మరకను దాచును గాని కారుటను మాన్పదు. నీరు రేకుమీద నిలిచి, రీపర్లను కుళ్లించి, స్లాబులోని ఇనుమును తుప్పుపట్టించును. వెలుపల అంతయు తెల్లగా నుండును. లోపల ఇల్లు చివుకుచుండును. తెలియునప్పటికి కర్చు పదింతలగును. కావున కప్పును ముందు బాగుచేయించి, ఒక వానకాలము గడపి, తడి లేదని తేలిన పిమ్మటనే సీలింగు మాట తలపెట్టవలెను.

విద్యుత్తు విషయమున మరింత జాగరూకత వలయును. సీలింగు వెనుక దీపపుతీగెలు పోవుచుండును. రేకంచు కత్తివలె పదునైనది. తీగెపై నుండు తొడుగు ఒరిసి చినిగినచో సీలింగంతయు విద్యుత్తు పారు పలకయగును. తీగెలన్నియు గొట్టములలోనే పోవలెను. లోహపుచట్రమునకు ఎర్తు కలుపవలెను. లీకేజి కనిపెట్టి తనంతట ఆగిపోవు స్విచ్చి ఇంట నుండవలెను. పని ముగియకముందే యజమానురాలు నిలుచుండి వీనిని చూచుకొనుట మంచిది. మూసిన పిమ్మట చూచుటకు వీలుండదు. సీలింగు పంకాను పలకకు గాని దాని చట్రమునకు గాని తగిలింపక, పైస్లాబు కొక్కెమునకే వ్రేలాడదీయవలెను.

రేకునకు గల మరియొక గుణము శబ్దమును తిప్పికొట్టుట. పిల్లలు చదువుకొను గదిలో ఇది చెవులకు బాధ. అట్టిచోటికి సన్నని రంధ్రములు పొడిచి, వెనుక మెత్తటి పొర నంటించిన పలకలు దొరకును. మాట వానిలో కొంత ఇంకిపోవును.

పాత రేకుపూల సీలింగులు అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో ఇప్పటికిని అనేకములు కలవు. అచ్చట కాపురముండు మన యాడపడుచులు పాతయిల్లు కొన్నపుడు ఈ యందమునకు ముచ్చటపడి, పెచ్చులూడు రంగును గీకి కొత్తరంగు వేయ నుద్యమింతురు. ఇది ప్రమాదము. పూర్వపు రంగులలో సీసము కలిపెడివారు. అమెరికాలో ఇండ్లకు వాడు సీసపురంగులు 1978లో నిషేధింపబడినవి. అంతకుముందు పూసిన పొరలు లోపల నుండవచ్చును. పొడిగా గీకినను, ఉప్పుకాగితముతో రుద్దినను ఆ సీసము ధూళియై నేలపై బడును. ప్రాకుచు చేతులు నోట బెట్టుకొను బిడ్డకు అది మెదడు నెదుగనీయని విషము, గర్భిణికిని కీడు. మంటతో కాల్చి తీయుట మరింత చేటు. ముందుగా రంగును పరీక్ష చేయింపవలెను. పెచ్చులూడక గట్టిగా నున్నచో కదపక, పైన కొత్తరంగు పూయించుటయే క్షేమము. తీయవలసియే వచ్చినచో శిక్షణపొందిన పనివారిని పిలువవలెను. అమెరికాలో అట్టి యిండ్లలో కూలికి పనిచేయువారికి ధ్రువపత్రము ఉండవలెనను నియమము 2010 నుండి అమలులో నున్నది. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2017 నవంబరు 1వ తేదీనుండి వచ్చినది. డబ్బా కొనునపుడు ఆ మాట దానిపై వ్రాసియున్నదేమో చదివి కొనుడు.

సీలింగు కొనబోవు సోదరి అంగడిలో పువ్వులను చూచి ముచ్చటపడుటలో తప్పులేదు. కాని ధర మాటాడకమునుపు రెండు పలకలను చేతికి తీసికొని, ఒకదానితో నొకటి అతికించి, మరల విడదీసి చూడవలెను. అతుకు బిగువుగా కూర్చుండి, అవసరమైనపుడు పలక చెడకుండ వచ్చినచో ఆ సరకు మంచిది. బిగువు లేనిదియు, తీసినపుడు వంగునదియు ఎంత పూలపలకయైనను ఇంటికి తేదగినది కాదు.

రాబోవు సంచికలో వంటయింటి పొగ బయటికి పోవు మార్గములను గూర్చి వ్రాయుదుము.