గృహిణి అనే గడి

ఆరోగ్య రికార్డుల కోర్సు ఆడపిల్లలకు అనువైన చదువట. నీడపట్టున కూర్చుని కోడ్లు వేసుకోవచ్చట! ఉద్దానంలో అనండి ఆ మాట. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు ఐసిడి-10లో కోడ్ ఎన్18. జబ్బు ఏ దశలో ఉందో చెబుతుంది, ఆమె బతుకు చెప్పదు. పలాసలో జీడిపిక్కలు ఒలిచి చేతులు నల్లబడ్డ మనిషి కేస్ షీటుకెక్కేసరికి 'గృహిణి' అయిపోతుంది. పనిచోట ముప్పు కారకాలకు గురికావడానికి జెడ్57 ఉంది. గృహిణికి అదెవరు వేస్తారు? దశాబ్దాలుగా కారణం తేలని జబ్బు కదా ఇది! 2023లో పలాసకు కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చింది, మంచిదే. కానీ రాయని పనిని ఏ ల్యాబ్ పరీక్షిస్తుంది? కథల్లో మౌనాలు వెతికే మనకు కేస్ షీటు పాఠంగా కనిపించదేం? టెక్కలి, పలాస కాలేజీల్లో ఈ చదువు పెట్టాలి. మొదటి పాఠం కోడ్లు కాదు, అడగడం: "ఏటి పని సేస్తావమ్మా? ఎండలో ఎంతసేపుంతావు? నీరెక్కడ తాగుతావు?"